సోమన్న మోకాలు

అడవి మధ్యలో పారే ఏరు దాటించడానికి ఒకప్పుడు అయిదు ఏనుగులుండేవి. అవి ఏ ఒక్కరి సొత్తూ కావు, అడవిలో అందరివీ. ఇప్పుడు మిగిలింది ముసలి సోమన్న ఒక్కడే. కుందేళ్లనీ ఉడతలనీ వీపున ఎక్కించుకుని అవతలి గట్టున దింపుతాడు. తిరిగి వచ్చేటప్పుడు పలకరించే తోడుండదు.

ఏటా వానలకు ముందు సింహం కొలువు నుంచి కొంగదొర తనిఖీకి వచ్చేవాడు. సోమన్న నుదుట నిరుడు తాను పెట్టిన సున్నం బొట్టు చూసి, "భేష్!" అని, ఏరు దాటించడానికి తగునన్న గుర్తుగా పక్కనే ఇంకో బొట్టు పెట్టి పోయేవాడు. అలా బొట్లు పదకొండయ్యాయి.

ఈసారి సోమన్న నోరు విప్పాడు. "దొరా, నడి ఏట్లో ఎడమ మోకాలు వణికిపోతోంది. ఒక్కసారి నా వీపెక్కి ఏరు దాటి చూడండి."

"నేనెందుకెక్కుతానయ్యా? నాకు రెక్కలున్నాయిగా!" అని నవ్వి, పన్నెండో బొట్టు పెట్టి, కొంగదొర ఏటి మీదుగా ఎగిరిపోయాడు.

సోమన్న తొండంతో నీళ్లు పోసుకుని బొట్లన్నీ రుద్ది రుద్ది కడిగేసుకున్నాడు. "ఇక ఎవర్నీ ఎక్కించుకోను" అన్నాడు. గట్టున కాచుకున్నవాళ్లు ఒళ్లు బద్ధకమని తిట్టిపోసి, ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

కుందేలమ్మ మాత్రం కదల్లేదు. ఆమె పిల్లలు అవతలి గట్టున ఉన్నారు. ఈమె ఇంకెంత తిడుతుందోనని సోమన్న తల వంచుకున్నాడు. ఆమె దగ్గరకొచ్చి, ముందుకాళ్లెత్తి, వాచిన మోకాలిని తడిమింది.

"ఎన్నాళ్లుగా నొప్పి, తాతా?"

పన్నెండేళ్లలో ఎవరూ అడగని మాట అది.