మూడడుగుల లోతు

“నీళ్లలో ముంచి ఫోటో తీసే కెమెరా కావాలండీ, రాజుగారూ.”

అమలాపురంలో ఫోటో స్టూడియో, కెమెరాల షాపు కలిపి నడుపుతున్న బంగారరాజు తలెత్తి చూశాడు. ఎదురుగా కాట్రేనికోన నుంచి వచ్చిన అంజిబాబు. నల్ల కళ్లద్దాలు, పదిమందికి సరిపడా సెంటు. పక్కన తండ్రి చొక్కా అంచు పట్టుకుని కూతురు సాయిదుర్గ.

“రొయ్యలకి కూడా రేషన్ కార్డులిస్తన్నారా ఏంటయ్యా, ఫోటోలు కావాల్సొచ్చేయి?” అన్నాడు బంగారరాజు.

పిల్ల నవ్వలేదు. అంజిబాబు నవ్వేసి సంగతి చెప్పాడు. తను గల్ఫ్‌లో ఉంటాడు. దొరల్ని సముద్రం అడుక్కి దింపి చేపల్ని చూపించే పడవలో పని. అక్కడి చేపలు మామూలువి కావు. కొబ్బరిచెట్టంత పొడుగుది ఒకటి రోజూ పడవ వెనకాలే వస్తుంది, పేరు పెట్టి పిలిస్తే తోక ఊపుతుంది. ఇంకోటి పెట్రోమాక్స్ లైటులా వెలుగుతుంది, దాని వెలుతుర్లో వీళ్లు పేకాడుకుంటారు. ఇవన్నీ, యజమాని ఎప్పుడన్నా ఫోన్ ఇచ్చినప్పుడు, కూతురికి చెప్పాడు. కూతురు వాటికి మరో నాలుగు మూరలు కలిపి బడిలో చెప్పింది.

చిక్కు అక్కడే వచ్చింది.

“ఫోటో తెమ్మన్నారండీ మా క్లాసులో,” అంది సాయిదుర్గ. “తేకపోతే మా నాన్న అబద్ధాలకోరంట.”

ఆ మాటన్న పిల్ల జడ పట్టుకుని గుంజి ఇంటికి వచ్చేసిందట. ఆ రోజు నుంచీ బడి గుమ్మం తొక్కలేదు. వాళ్లమ్మ బతిమాలింది, కొట్టింది, చివరికి ఏడ్చింది. ఎంతకీ లొంగలేదు. అంజిబాబు సెలవు అయిపోయింది. ఎల్లుండే ప్రయాణం. మళ్లీ వచ్చేది మూడేళ్లకి.

బంగారరాజుకి ఒక్కటి అంతుపట్టలేదు. గల్ఫ్ నుంచి దిగినవాళ్లు కెమెరాలు తెచ్చి తన షాపులో అమ్ముకుని పోతారు. ఇతనేమో ఇక్కణ్నించి పట్టుకెళ్తానంటున్నాడు. ఆ మాటే అడిగాడు. ఒకసారి పనిలోకి వెళ్తే పట్నం మొహం చూసే వీలుండదని చెప్పాడు అంజిబాబు.

మద్రాసు నుంచి తెప్పించిన కొత్త డిజిటల్ కెమెరాని బంగారరాజు బయటికి తీశాడు. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. ముప్పై అడుగుల లోతుకి దించినా చుక్క నీరు దూరదు. తీసిన బొమ్మ అప్పటికప్పుడే వెనక అద్దంలో కనబడుతుంది. సాయిదుర్గ దాన్ని రెండు చేతులా పట్టుకుని గుండెకి ఆనించుకుంది.

“దీనికి చార్జింగ్ పెట్టాలాండీ?” అన్నాడు అంజిబాబు.

“రోజూ పెట్టాలి.”

“అయితే వద్దండీ. మాకు కరెంటుండదు.”

దొరలెక్కే పడవలో కరెంటు లేకపోవడమేమిటని అడగబోయాడు బంగారరాజు. పిల్ల ముందు ఎందుకులే అని మింగేశాడు. పై అరలో నుంచి రెండోది దించాడు. రీలు కెమెరా. ప్లాస్టిక్ డొప్పలో బిగించి ఉంది. సెల్లులు అక్కర్లేదు, చేత్తో రీలు తిప్పి మీట నొక్కడమే. కానీ మూడడుగుల లోతు దాటితే డొప్పలోకి నీళ్లు వచ్చేస్తాయి.

“చంటిపిల్లలకి నీళ్లు పోసేటప్పుడు ముచ్చటగా తీసుకోడానికి తప్ప ఇది సముద్రానికి పనికిరాదయ్యా.”

“మూడడుగులు చాలండీ. మమ్మల్ని చూస్తే చేపలే పైకొచ్చేస్తాయి.”

డొప్ప అంచున ఉన్న రబ్బరుని వేలితో తడుముతూ, ఇసుక పడితే ఏమవుతుందని అడిగాడు అంజిబాబు. ఒక్క రేణువు ఇరుక్కున్నా నీళ్లు లోపలికి పోతాయన్నాడు బంగారరాజు. మూసే ముందు మెత్తటి గుడ్డతో తుడవమన్నాడు. మనవాళ్లు తలకీ తలుపు బందులకీ కూడా రాసే కొబ్బరినూనె మాత్రం దీనికి రాయొద్దని, రబ్బరు ఉబ్బిపోతుందని హెచ్చరించాడు. అన్నీ చెప్పాక, సముద్రం మధ్యలో ఇసుకెక్కడిదని అడిగాడు.

“భోజనాలకి లంకల్లో దిగుతాం కదండీ,” అన్నాడు అంజిబాబు.

బంగారరాజు బక్కెట్టుతో నీళ్లు తెచ్చి, కెమెరాలో రీలు వేసి ముంచాడు. సాయిదుర్గ మోచేతి దాకా చెయ్యి పెట్టి వేళ్లు ఆడించింది. మీట నొక్కాడు. బయటికి తీసి తుడిచి చూస్తే డొప్ప లోపల పొడిగానే ఉంది. పిల్ల మొహంలో అప్పుడు కనబడింది నవ్వు.

“నాన్నా, అక్కడి నీళ్లు మన గోదారిలా ఉంటాయా?”

అంజిబాబు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు.

“లేదమ్మా. తేటగా ఉంటాయి. అడుగు కనబడుతుంది.”

కెమెరా సంచిలో పెట్టుకున్నాక, కూతుర్ని ముందు నడవనిచ్చి తను ఆగాడు. రీలు అక్కడ కడిగించడం కుదరదట. ఊరికొచ్చే ఎవరో ఒకరి చేత ఈ షాపుకే పంపిస్తాడట.

“కడిగేక ముందు మీరొక్కరే చూడండి రాజుగారూ. బాగుందనిపిస్తేనే పాపకివ్వండి.”

“బాగోకేం? కొబ్బరిచెట్టంత చేప పడుతుంటేనూ. తల ఒక ఫోటోలో, తోక ఒక ఫోటోలో తియ్యి.”

“ఆయ్,” అన్నాడు అంజిబాబు.

మెట్ల కింద సాయిదుర్గ చెప్పులేసుకుంటోంది. రేపట్నుంచి బడికెళ్తానంది. ఫోటో రాకుండానే ఎలా వెళ్తావని అడిగాడు తండ్రి.

“కెమెరా కొన్నాం కదా నాన్నా. వచ్చేస్తదని చెప్తాను.”

నెల తిరక్కుండానే అంజిబాబు, కనుచూపు మేర ఇసుక తప్ప మరేమీ లేని చోట, తను కాసే ఒంటెల్ని నీళ్లతొట్టి దగ్గర్నుంచి పక్కకి తోలి, కెమెరాని అందులో ముంచి పట్టుకుని, చేపలా కనబడేది ఏదైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూశాడు.