పై అంతస్తు తబలా

మా బావమరిది సరిగ్గా మా నెత్తి మీదే, పై అంతస్తులో ఉంటాడు. అయినా నా ఫిడేలూ వాడి తబలా కలవడానికి ఒక యాప్ తెచ్చాడు. దూరాన ఉన్నవాళ్ళు ఒకేచోట కూర్చుని వాయించినట్టే ఉంటుందట. ఆలస్యం సున్నా అట.

నిజమే కాబోలు. కాకపోతే వాడి దెబ్బ ముందు సీలింగులోంచి దిగేది, ఆ తరువాతే హెడ్‌ఫోనులోకి వచ్చేది.

"నాలుగు మెట్లు దిగి రావడానికి నీకేం నొప్పిరా?" అన్నాను మైకులో.

"మోకాళ్ళు బావా."

"లిఫ్టు ఏడ్చిందిగా!"

"ఇందులో క్వాలిటీ ఎక్కువ."

"దేనికి? నీ తబలాకా?"

వాడు నవ్వలేదు.

"కిందికొస్తే అక్క కూర్చుని పాడే కుర్చీ చూడాలి. చూస్తే, పోయిందని తెలుస్తుంది. ఇక్కడైతే ఇంకా లైన్లోకి రాలేదనుకుంటాను బావా."

తెర మీద మూడు గడులున్నాయి. ఒకదాంట్లో నేను, ఒకదాంట్లో వాడు. మూడోది ఖాళీ. అక్కర్లేకపోతే తీసెయ్యమంటారా అని యాప్ మర్యాదగా అడుగుతోంది.

వద్దని నొక్కి, ఫిడేలు భుజానికెత్తుకున్నాను.

"సరే, మొదలుపెట్టు. మీ అక్క ఎప్పుడూ ఆలస్యమేగా."