ఉత్తరం అందిన తేదీ

టైల్స్ మేస్త్రి మోకాలికి వేడినీళ్ల గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడో లేదో, ఫోన్ మోగింది.

"ఫైనాన్స్ ఆఫీసు నుంచి సార్. మా ఉత్తరం మీకు ఏ తేదీన అందింది?"

ఆడపిల్ల గొంతు. నిన్న అడిగిందీ ఈ పిల్లే. మొన్న అడిగిందీ ఈ పిల్లే.

"మూడో తారీకమ్మా. రేపు అడిగినా మూడే."

"మూడో తారీకు," అంది ఆ పిల్ల, ఒక్కో మాటా నొక్కుతూ.

ఇరవై ఏళ్లు గొంతుక్కూర్చుని పలకలు పరిస్తే మోకాళ్లు అరిగిపోయాయి. పని సగానికి పడిపోయింది. కారు వాయిదాలు సగం పైన కట్టాక, ఇక తన వల్ల కాదని మేస్త్రి తనే తీసుకెళ్లి తాళాలు అప్పజెప్పి వచ్చాడు. సగం కట్టి బండి తిరిగి ఇచ్చేస్తే ఇక బాకీ ఉండదని ఒప్పందంలోనే ఉంది.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. తలుపు మీద సొట్టకింత, సీటు మీద మరకకింత, ఎక్కువ తిరిగినందుకింత.

అదంతా కడితే మోకాలి ఆపరేషన్‌కి దాచుకున్నది పూర్తిగా ఊడ్చుకుపోతుంది.

"ఆ సొట్ట నాది కాదమ్మా. నేనిచ్చిన రోజున తలుపు నున్నగా ఉంది."

"మీరు చెప్పేది ఫోన్లో రికార్డవుతోంది సార్. కాగితం మీద లేదు."

"కాగితాలు రాసేవాణ్నయితే పలకలెందుకు పరుస్తాను తల్లీ?"

ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది.

"ఆ పిల్లకి మతిమరుపేమోనయ్యా," అంది భార్య, గుడ్డ పిండుతూ. "అయినా మెచ్చుకోవాలి. ఇన్నేళ్లలో నా పుట్టినరోజు ఏ తారీకని నువ్వు ఒక్కసారన్నా అడిగావా?"

మేస్త్రికి నవ్వే ఓపిక కూడా లేదు.

ఇరవై మూడో తారీకున ఎవరింట్లోనో వంటగది నేల పరుస్తున్నాడు. చేతినిండా సిమెంటు. మళ్లీ అదే గొంతు.

"సార్, ఉత్తరం మీకు ఏ తేదీన..."

"మూడు. మూడు. మూడు. ఈ గోడకి చెప్పినా ఈపాటికి గుర్తుపెట్టుకునేది."

"ఇవాళ ఇరవై మూడు సార్." అదీ నొక్కే చెప్పింది. "మీ ఇంట్లో రాయడం వచ్చినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

మేస్త్రి తాపీ కింద పెట్టాడు.

"చదువు రానివాణ్నని ఎగతాళా?"

"కాదు సార్. ఉన్నారా లేదా చెప్పండి, చాలు."

"నీ పైవాళ్లకివ్వు ఫోను."

"సార్, ఒక్కసారి..."

"ఇవ్వమన్నానా?"

ఇచ్చింది. మేస్త్రి ఉన్నదంతా చెప్పాడు. రోజూ పీక్కుతింటోందన్నాడు. చదువు లేదని వెక్కిరించిందన్నాడు.

మర్నాటి నుంచి ఫోన్ రాలేదు.

"పీడ వదిలింది," అన్నాడు ఇంటికొచ్చి, ఆ పిల్ల అడిగిందంతా భార్యకి చెప్పి.

పై నెల ఆరో తారీకున ఇంకో ఉత్తరం వచ్చింది. నెలాఖరుకల్లా మొత్తం కట్టమని. ఏడో తరగతి చదివిన భార్య ఆ రాత్రి కూర్చుని, ఏ సొట్ట ఎవరిదో ఒక పేజీ నిండా రాసింది. పొద్దున్నే ఇద్దరూ ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్లారు.

ఆఫీసరు కాగితం రెండుసార్లు చదివాడు.

"బాగా రాశారమ్మా. మీరు బండి అప్పజెప్పిన రోజు మేం తీసిన ఫొటోలు చూస్తే ఈ సొట్ట సంగతి తేలిపోయేది కూడా." తర్వాత తేదీ చూశాడు. "కానీ ఉత్తరం అందిన ముప్పై రోజుల్లోపు ఇవ్వాలి. మీ గడువు ఈ నెల మూడో తారీకుతో అయిపోయింది."

"గడువుందని మాకెవరూ చెప్పలేదే?"

"ఉత్తరం వెనకాల చిన్నక్షరాల్లో ఉంటుంది. ఫోన్ చేసేవాళ్లు మాత్రం చెప్పకూడదు. గడువు ఉందనీ, రాసివ్వమనీ ఒక్క ముక్క నోరు జారినా ఉద్యోగం పోతుంది."

మేస్త్రి కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు.

"ఆ పిల్ల వెతికింది నన్నేనయ్యా," అంది భార్య గొంతు తగ్గించి. "రాయడం వచ్చినవాళ్లు ఉన్నారా అని అడిగింది నా గురించే కదా."

మేస్త్రి ఆఫీసరు వైపు తిరిగాడు.

"ఆ అమ్మాయిని ఒక్కసారి పిలుస్తారా సార్?"

"లేదండీ. మీ ఫిర్యాదు వచ్చిన రోజే తీసేశారు. ఎందుకలా చేశావని అడిగితే నోరు విప్పలేదట."

"రోజూ చెయ్యమని పురమాయించింది మీరే కదా సార్. మళ్లీ మీరే తీసేస్తారా?"

ఆఫీసరు కంప్యూటర్లో ఏదో వెతికి, కళ్లజోడు తీశాడు.

"మేం చెయ్యమన్నది ఒక్క ఫోనేనండీ. మిగతా పద్దెనిమిదీ ఆ అమ్మాయి తన టీ టైములో, తనంతట తను చేసినవి."