డీజిల్ లేని ఓడ

రత్నాకర్ సారు కొడుకును ఎవరో మాయమాటలు చెప్పి ఓడ ఎక్కించారట. ఈ మాట షార్జా అల్ నహ్దాలో, సారు పక్క ఫ్లాట్లో వంట చేసే మున్నీబీ నోట పుట్టింది. ఆమె మొగుడు షావలి లేబర్ క్యాంపు బస్సు డ్రైవరు. అందుకని పొద్దున ఐదున్నరకు బస్సెక్కిన మాట, సైటు చేరేలోగా అరవై మంది చెవుల్లో దిగింది.

మున్నీబీ సారు ఇంటికి కరివేపాకు అడగడానికి వెళ్లిందట. హాల్లో టీవీ నిండా వీడియో కాల్. పదిహేడేళ్ల పిల్లాడు ఎండకు మాడి బొగ్గయ్యాడట. తాళ్లు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కాయట. వెస్టిండీస్ పక్కన కరీబియన్ సముద్రంలో తిప్పుతున్నారట. గదికి పన్నెండు మంది, మంచం మీద మంచం. పాస్‌పోర్టులు కెప్టెన్ పెట్టెలో. ఫోను వారానికొక్కసారి. తల్లి మాలతి మేడం కళ్లు తుడుచుకుంటోందట. "జీతమెంతమ్మా?" అని మున్నీబీ పాపం అభిమానంగా అడిగితే, మేడం ముఖం తిప్పేసుకుని కరివేపాకు లేదు పొమ్మందట.

హన్మంతు కిటికీ పక్క సీట్లో కూర్చుని అంతా విన్నాడు.

రత్నాకర్ సారే వాళ్ల క్యాంపు మేనేజరు. గదికి పన్నెండు మందిని సర్దిన మహానుభావుడు ఆయనే. వాళ్ల పాస్‌పోర్టులు పోతాయేమోనని బెంగపడి, బీరువాలో పెట్టి, తాళంచెవి తన జేబులో వేసుకున్నదీ ఆయనే. మూడు వారాలుగా హన్మంతు లీవు ఫారం ఉన్నది కూడా ఆయన బల్ల మీదే.

ఆ ఫారం మీద సంతకం పడితే హన్మంతు మూడేళ్ల తర్వాత ఊరు చూస్తాడు. కొడుకును ఎత్తుకుంటాడు. వాడు ఫోనులోనే పుట్టాడు, ఫోనులోనే నడిచాడు. ఫోనులోనే నాన్నా అన్నాడు.

సాయంత్రం గదిలో పంచాయితీ పెట్టారు. షావలి కొత్త వివరాలు మోసుకొచ్చాడు. ఆ ఓడకు తెరచాపలున్నాయట.

"డీజిల్ పైసలు మిగుల్చుకోనీకి గుడ్డలు కట్టి నడుపుతున్నరు," అన్నాడు పై మంచం మీది అంజి. "మన కంపెనీ కంటె పిసినారోడు దొరికిండు సారుకు."

వంట వంతులవారీగా పిల్లలే చేసుకోవాలట. గిన్నెలు, డెక్కు, పాయిఖానా కడగడం కూడా వంతే. వాంతులవుతున్నా లేపి కాపలా నిలబెడతారట. పొద్దున్నే అందరినీ కూర్చోబెట్టి ఎవరో ఒకాయన గంటసేపు ఉపన్యాసం దంచుతాడట. అచ్చం సైట్లో సేఫ్టీ మీటింగే. మొదట అంజి నవ్వాడు. ఇగ సారుకు మన బతుకు సమజైతదన్నాడు. తర్వాత అతనికీ నవ్వు రాలేదు. గది మొత్తం జాలిపడింది. మేనేజరు మీద జాలిపడే భాగ్యం లేబర్‌కు రోజూ దొరకదు కదా, కాస్త ఎక్కువగానే పడింది.

చివర్లో షావలి ఇంకో ముక్క చెప్పాడు. వారానికోసారి అందరి చేతా ఏవో కాగితాలు రాయించి తీసుకుంటున్నారట.

హన్మంతు చెయ్యి జేబులో పర్సు మీదికి పోయింది. మొదటిసారి గల్ఫ్‌కు వచ్చినప్పుడు ఏజెంటు అతని చేత కూడా ఇలాగే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఆఫీసు బాయ్ పని అన్నాడు. పదకొండు నెలలు ఎడారిలో మేకలు కాశాడు. పక్క ఊరి మనిషొకడు తిరగని ఆఫీసు లేకుండా తిరిగి బయటికి లాగాడు. ఆయన నంబరు ఇప్పటికీ హన్మంతు పర్సులో, దేవుడి పటం వెనకే ఉంటుంది.

సారు దగ్గర ఈ మాట ఎత్తితే పరువు పోయిందని మండిపడి లీవు ఫారం చింపేస్తాడని అంజి హెచ్చరించాడు. హన్మంతు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్లాడు. సారు ఏసీ కింద కాఫీ తాగుతున్నాడు. బల్ల మీద లీవు ఫారం అన్నిటికంటే పైనే ఉంది. పక్కనే పెన్ను. హన్మంతు ఒక్క క్షణం ఫారం వైపు చూశాడు. తర్వాత నంబరు రాసిన చీటీ దాని మీదే పెట్టాడు.

"సార్, పిల్లగాని సంగతి తెలిసింది. ఈ మనిషి నన్ను ఎడారిలకెళ్లి తీస్కొచ్చిండు. ఓడలకెళ్లి గూడ తెస్తడు."

రత్నాకర్ కప్పు దించాడు.

"సిగ్గుపడేదేం లేదు సార్, నేను గూడ మోసపోయిన. ఒక్క రూముల పన్నెండు మంది. పాస్‌పోర్టు ఇయ్యరు. పానం బాగ లేకున్నా పనే. మనిషన్నోడు ఉండే జాగనా సార్ అది?"

రత్నాకర్ కిటికీలోంచి క్యాంపు వైపు చూశాడు. మూడంతస్తుల నిండా తువ్వాళ్లు ఆరుతున్నాయి.

"నా లీవు ఎప్పుడైనా ఇయ్యుండ్రి," అన్నాడు హన్మంతు. "మొదలు మీ కొడుకును తెచ్చుకోండ్రి."

సారుకు అందులో ఒక్క మాట మాత్రం వెంటనే అర్థమైంది. లీవు ఫారం తీసి సొరుగులో వేశాడు. సొరుగు మూశాడు. చీటీని వేలితో హన్మంతు వైపు తోశాడు.

"ఆ ఓడే ఒక బడి హన్మంతూ, లక్షలు పోసి రెండేండ్లు ఆగితే గని సీటు దొరకలే, వచ్చే ఏడు వాని చెల్లెను గూడ పంపుతున్నం."