పేరు లేని వరస

“అక్కా, బ్రిడ్జి కింద పెద్దాయన పేరు చెప్పాడు” అంది కొత్తమ్మాయి, సోమవారం మీటింగు మొదలవుతూనే.

ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ అక్క అని పిలిచే ఆవిడ చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఊళ్ళో ఇల్లు లేకుండా బతికే ప్రతి మనిషికీ ఆ ఆఫీసు లిస్టులో ఒక వరస ఉంటుంది. గదులిచ్చేవాళ్ళూ, ఆసుపత్రివాళ్ళూ, పింఛనువాళ్ళూ అందరూ చూసేది ఆ ఒక్క లిస్టే. పేరు లేని వరస జోలికి ఎవరూ పోరు. పెద్దాయన వరసలో ఏడు నెలలుగా పేరు గడి ఖాళీ. ఆ ఏడు నెలలూ పొద్దున్నే టీ పట్టుకుని వెళ్ళి, ఆయన పక్కన అట్టముక్క మీద కూర్చున్నది అక్క. మోకాళ్ళ నొప్పి దగ్గర్నుంచి కాకుల దెబ్బలాట దాకా అన్నీ చెప్పేవాడు. పేరడిగితే మాత్రం మాట మార్చేవాడు.

కొత్తమ్మాయి చేరి తొమ్మిది రోజులు. అక్క సెలవు పెట్టిన ఒక్క శనివారం వెళ్ళొచ్చింది, అంతే.

“ఇంటిపేరూ, తండ్రి పేరూ కూడా చెప్పాడు” అంటూ కాగితం బల్లమీద పెట్టింది.

“శభాష్” అన్నాడు సూపర్‌వైజరు. “గదులిచ్చేవాళ్ళ దగ్గర కింది అంతస్తులో గది ఒకటి ఖాళీ అయింది. మధ్యాహ్నం పన్నెండులోగా పేరు పంపితే ఆయనకే. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా?”

అందరూ నవ్వారు. అక్క ఆ కాగితం తన వైపు లాక్కుంది.

“తప్పుడు పేరేమో” అంది. “అంత తేలిగ్గా చెప్పే మనిషి కాదు. నేను కనుక్కునేదాకా పంపకండి.”

“గది చెయ్యి జారిపోతుందక్కా” అన్నాడు సూపర్‌వైజరు.

“జారితే ఇంకోటి వస్తుంది.”

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే అక్కకే నమ్మబుద్ధి కాలేదు. అయినా వెనక్కి తీసుకోలేదు. సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది.

దారంతా ఉడుక్కుంటూనే నడిచింది. ఏం మందు పెట్టిందో ఆ పిల్ల. వానలో తడుస్తూ ఆయన కాలి పుండుకి కట్టు కట్టింది తను. చిరాకులో ఉన్నప్పుడు ఆయన తిట్టిన తిట్లన్నీ పడింది తను. పేరు మాత్రం, నవ్వు మొహం వేసుకుని నిన్నగాక మొన్న వచ్చినదానికా?

బ్రిడ్జి కింద పెద్దాయన దుప్పటి మడత పెడుతున్నాడు. అక్క ఈసారి టీ తేలేదు. కూర్చోనూ లేదు.

“ఆ అమ్మాయికి చెప్పిన పేరు నిజమేనా?”

“నిజమే.”

“మరి ఇన్నాళ్ళూ నేనడిగితే నోరు పెగల్లేదేం?”

ఆయన తలెత్తకుండా దుప్పటి అంచులు సర్దాడు. “నా పేరు రాబట్టలేదని ఆఫీసులో నిన్ను మాటలంటున్నారటగా. ఆ పిల్లే చెప్పింది. నా మూలంగా నువ్వు మాట పడటం దేనికని చెప్పేశా.”

అక్క ఫోన్ తీసి టైము చూసింది. పన్నెండు కావడానికి ఇంకా పావుగంట ఉంది. వెంటనే సూపర్‌వైజరుకి ఫోన్ చేసి, “పేరు నిజమేనండీ, పంపెయ్యండి” అంది. ఇప్పుడే పంపుతున్నానన్నాడాయన.

అప్పుడు కూర్చుంది అట్టముక్క మీద. ఉక్రోషం ఇంకా కాస్త మిగిలే ఉంది.

“ఆ పేరేదో మొదట్లోనే నాకు చెప్పుంటే, ఎప్పుడో గదిలో పడుకునేవాడివి కదా బాబాయ్?”

పెద్దాయన మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

“పేరు కోసమేగా రోజూ వచ్చేదానివి. చెప్పేస్తే మర్నాడు ఎందుకొస్తావమ్మా?”