రెండో లీవరు

“ఆ వీడియో గేమ్ పెట్టకు బ్రాన్విన్. మొదటి ఆట బంగారం, ఈ రెండో భాగం చెత్త. ఇద్దరుంటేనే ఆడాలట. మీ తమ్ముడూ నేనూ దీన్ని తిట్టని రోజు లేదు.” డనీడిన్ నగరపు వానలో, ఆమె తమ్ముడు ఫెర్గస్‌ను సమాధి చేసి వచ్చిన మలాకై ఇంకా షూ విప్పలేదు.

బ్రాన్విన్ తమ్ముడి ఆట తెరిచింది. తెర మీదా వానే. మూసిన గేటు దగ్గర ఒక లీవరు పట్టుకుని ఫెర్గస్ బొమ్మ నిలబడి ఉంది. రెండో లీవరు దగ్గర ఇంకో బొమ్మ. దాని నెత్తిన ‘మలాకై’ అని పేరు.

“వాడు దీన్ని ఆడాడా?” అన్నాడు మలాకై.

“ఇక్కడిదాకా. రెండు కంట్రోలర్లూ తనే నొక్కుకుంటూ. ఈ గేటుకు మాత్రం రెండు లీవర్లూ ఒకేసారి లాగాలి, ఒక్కడి వల్ల కాలేదు. ‘మలాకైని పిలవరా’ అంటే, ‘నవ్వుతాడక్కా’ అన్నాడు.”

మలాకై రెండో కంట్రోలరు చేతిలోకి తీసుకున్నాడు. బ్రాన్విన్ మొదటిది అందుకుంది.

“నొక్కుదామా?”

“వద్దు,” అన్నాడు మలాకై. “గేటు తెరుచుకుంటే వాడు వెళ్ళిపోతాడు.”