ఎడమ గీత

"జ్వరమా? ఇవాళే దొరికిందా నీకు జ్వరం రావడానికి?"

సిస్టర్ ఫోన్ పెట్టేసి తల పట్టుకుంది.

వార్డులో నర్సు ఉద్యోగం చేసుకుంటూనే, ఆమె మెదడు, నరాల పరీక్షల్లో పార్ట్‌టైమ్ పీజీ చదువుతోంది. రెండేళ్ళుగా ఇంట్లో ఎవరి తలా ఖాళీగా వదల్లేదు. టేపుతో కొలవడం, పేస్టు పూయడం. "నా తల దీని చదువుకి రాసిచ్చేశాను" అని మొగుడు కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు.

ఇవాళ ఆఖరి ప్రాక్టికల్. ఒక మనిషి మెదడు తరంగాలు రికార్డు చేసి, ఒంటిగంటలోగా రిపోర్టు ఆఫీసులో ఇవ్వాలి. తర్వాత బయటి కాలేజీ ఎగ్జామినర్ చూసి మార్కులు వేస్తారు. ఇది పోతే మళ్ళీ ఆరు నెలలు. తల ఇస్తానన్న స్నేహితురాలేమో మంచమెక్కింది.

"నా తల పనికొస్తుందా అమ్మాయీ?"

వరండాలో బెంచీ మీద ఓ పెద్దాయన. బట్టతల, ముదురు రంగు కళ్ళద్దాలు. పొద్దుటి నుంచీ వచ్చేపోయేవాళ్ళని ఏం చదువు, డ్యూటీ ఎప్పుడు, నిద్ర ఎప్పుడు అని వేపుకు తింటున్నాడు.

"మీకు జబ్బులేమైనా ఉన్నాయా?" గదిలోకి నడుస్తూనే అడిగింది.

"జబ్బని కాదుగానీ..."

"లేవు కదా, రండి."

పేషెంటుని అడగాల్సిన ప్రశ్నల కాగితం మీద పైనుంచి కిందిదాకా 'మామూలు' అని టిక్కులు కొట్టేసింది.

కళ్ళద్దాలు తీయించి పడుకోబెట్టింది. నెత్తి కొలిచి, గుర్తులు పెట్టి, తరంగాలు పట్టే ఇరవై ఒక్క వైర్ల బిళ్ళలు చకచకా అతికించింది.

"రెప్పలు ఆర్పండి."

రెప్ప వేసినప్పుడు లోపల కంటిగుడ్డు కదులుతుంది. ఆ కదలికకి తెర మీద నుదుటి బిళ్ళల గీతలు రెండూ ఎగరాలి. కుడి గీత ఎగిరింది. ఎడమది ఉలకలేదు, పలకలేదు.

"ఖర్మ!"

బిళ్ళ పీకి మళ్ళీ అతికించింది. అదే వరస.

"అమ్మాయీ, ఒక్క మాట..."

"మాట్లాడకండి! దవడ కదిలితే రికార్డంతా పాడైపోతుంది."

వైరు మార్చింది. చర్మం ఎర్రబడేలా రుద్ది, కొత్త పేస్టు పెట్టింది. కుడిది ఎగురుతూనే ఉంది. ఎడమది పడుకునే ఉంది. గడియారం పన్నెండున్నర దాటింది.

"అది కాదు తల్లీ, నేను చెప్పేది..."

"బాబాయిగారూ, మీకు దణ్ణం పెడతాను. నా రెండేళ్ళ చదువు మీ తల మీద తగలడుతోంది. చేసిన సాయం చాలు, ఇక దయచేయండి!"

బిళ్ళలన్నీ పీకేసింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, నుదుటి మీది పేస్టు వేళ్ళతోనే తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమె ఏడుపు ఆపుకుని, "ఎడమ వైరులో లోపం" అని రాసి రిపోర్టు ఇచ్చేసింది.

రెండు దాటాక గుమాస్తా ఒక కవరు తెచ్చాడు.

"ఎగ్జామినర్ గారు మార్కులు వేసి ఇచ్చారు మేడమ్."

"నా గదికే రాలేదు, ఏం చూసి వేశారు?"

"ఏమో మేడమ్. రిపోర్టు చదివారు, చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నారు, రాసిచ్చి ట్రైనుకి వెళ్ళిపోయారు."

కవరు విసురుగా చింపింది.

చేతిపని: యాభైకి నలభై తొమ్మిది. పేషెంటుని అడిగి తెలుసుకోవడం: యాభైకి సున్నా. రెండింటిలోనూ పాసవ్వాలి కాబట్టి ఆరు నెలల తర్వాత మళ్ళీ రాయాలి.

కాగితం అంచున తెల్లగా పేస్టు అంటిన వేలిముద్ర. దాని పక్కన, సంతకానికి పైన, రెండు వాక్యాలు.

"వైరు మంచిదే తల్లీ, నా ఎడమ కన్నే గాజుది. ఈసారి కూడా ఎవరూ దొరక్కపోతే నన్నే పిలువు, కానీ ముందు ఒక్క మాట చెప్పనివ్వు."